విరగని వెయ్యిన్ని తొమ్మిది

మొన్న మనవరాలు వెండి పట్టీలు తోమడానికి చింతపండు ఉడకబెడితే, ఆ పులుపు వాసన నన్ను తీసుకెళ్ళి ప్రొద్దుటూరులో మా నాయన కుంపటి పక్కన కూర్చోబెట్టింది. నాయన కంసాలి. బొగ్గుల పొగ, చింతపండు నీళ్ళు, కాగిన లక్క, వీటి మధ్యే నేను అక్షరాలు దిద్దాను. బంగారాన్ని ఆయన గురివింద గింజలతో తూచేవాడు. చలికాలం పెన్న ఒడ్డు కంచెల మీద కాయలు పగిలి ఎర్రగా కనిపిస్తే, పిల్లలం తినను బెల్లం బొరుగుల ఉండలు ఒడిలో కట్టుకుని పోయి, ముళ్ళు గీరుకుంటూ ఏరుకొచ్చి ఆయన కుండ నింపేవాళ్ళం.

అయిదో తరగతి అయిన ఎండాకాలం నన్ను బడి మాన్పించాలని జేజి పట్టుబట్టింది. నాయనకు తల్లి మాట దాటడం చేతకాదు. ఉంగరం సాగదీయించుకోను వచ్చిన లెక్కల అయ్యవారు ఇది విని పలక మీద 1009 అని రాశారు.

"ఇది సమానంగా విరుగుతాదో లేదో పొద్దుగూకేలోగా తేలిస్తే, పాపను హైస్కూలుకు పంపీప్పా."

"సరేప్పా, తేల్చనీ," అన్నాడు నాయన.

నాయన కుండలోంచి వెయ్యిన్ని తొమ్మిది గింజలు లెక్కబెట్టి వసారాలో పోసుకున్నాను. రెండు, మూడు, అయిదు పేర్చకుండానే తేలిపోయాయి. ఏడు వరుసలు పేర్చాను. వరుసకు నూట నలభై నాలుగు, ఒక్కటీ మిగల్లేదు.

"విరిగె కదా. ఇంగ లేసి అంట్లు తోముపో," అంది జేజి.

లేవబోయాను. కానీ వరుసకు సరిసంఖ్య ఉంటే మొత్తమూ సరిసంఖ్యే కావాలి, అయ్యవారిదేమో బేసి. ఇక్కడున్నవి వెయ్యిన్ని ఎనిమిదే, ఒక గింజ తగ్గిందన్నమాట. వసారా అంతా దేవులాడాను. చివరికి నాయనే తన లక్కముద్దకు అంటుకున్న గింజను గీకి నా ముందు పెట్టాడు.

పదకొండు, పదమూడు, పదిహేడు, ఇలా పోతూ ముప్పై ఒకటి దాకా వచ్చాను. వరుసకు ముప్పై రెండు, మిగిలినవి పదిహేడు.

"వెయ్యి దాకా పేరుస్తాండావా ఏంది?" అంది జేజి.

"పనిలేదు జేజీ. ఇంగ వరుసలు పెంచితే వరుసలో గింజలు ముప్పై ఒకటికి మించవు. ఆ లెక్కలన్నీ చూసేసినా. ఇది విరగదు."

పొద్దుగూకేలోగా తిరిగొచ్చిన అయ్యవారు దాన్ని ప్రధాన సంఖ్య అంటారని చెప్పి, పలక నా చేతికిచ్చారు. నాయన మాత్రం నమ్మక, ముప్పై ఏడు వరుసలు తానే పేర్చి చూసుకున్నాడు. పది మిగిలాయి. తల్లి వైపు తిరిగి, జన్మలో మొదటిసారి ఎదురు చెప్పాడు.

"పాప చదువుకుంటాదిమా."

ఆ ఏడు హైస్కూలుకు పోయాను. తర్వాత ముప్పై ఏళ్ళు లెక్కలే చెప్పాను.

ఇప్పుడు ప్రొద్దుటూరు అంగళ్ళలో కరెంటు త్రాసులే. కంచెలు లేవు, గురివింద తీగా లేదు, మా కుంపటి ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగడి ఉంది. ఆ గింజలు మాత్రం నా దగ్గర డబ్బాలో ఉన్నాయి. పట్టీలు ఆరేలోపు మనవరాలు వాటిని ఏడు వరుసలు పేర్చింది.

"ఒకటి మిగిలింది జేజీ."

"మిగలాల మరి," అన్నాను.