మొదటి తరగతి మెత్తని సీటు

యాభైల్లో మాట, నాకు పదేళ్లు. తిరుపతి మొక్కు కోసం మూడో తరగతి టిక్కెట్లతో కడప స్టేషన్‌లో నిలబడ్డాం. రైలు కదలబోతుండగా గార్డు వచ్చాడు.

"ఏమప్పా, మొదటి తరగతి ఖాళీగా ఉండాది. ఊరికే ఎక్కండి!"

నాన్న మీసం దువ్వుకుంటూ ఎక్కాడు. అమ్మ అలవాటుగా చద్దిమూటను సీటు కిందికి తోసింది. రైలు కదిలాక భరించలేని కంపు! పక్క పెట్టెలోకి దారి లేదు, నందలూరు దాకా దిగలేం. ఆకలేసి మూట లాగితే, ముందెవరో కక్కిన వాంతిలో పులిహోర నానిపోయి ఉంది. థూ! నాకూ డోకొచ్చింది.

"ఊరికే అన్నప్పుడే అనుమానం వచ్చె," అంది అమ్మ, కొంగుతో ముక్కు మూసుకుని.

"ఊర్లో ఎవురికీ చెప్పాకండి," అన్నాడు నాన్న.

బతికినన్నాళ్లూ ఆయన ఆ సీటు ఎంత మెత్తగా ఉండేదో ఇంటికొచ్చిన వాళ్లందరికీ వర్ణించాడు. నేను ఈనాటికీ పులిహోర ముట్టను.