గట్టు మీద ఒక్క గీత సిగ్నలు: గూడెం నుంచి కైకలూరు చెరువుల దాకా

మా ఆయన కొల్లేటి అంచున చేపల చెరువుల మీద ఉంటారు, నేను తాడేపల్లిగూడెంలో ఉంటాను. మా ఇద్దరి మధ్యా ఒక ఫోను ఉంది, దానికి బుద్ధి పుట్టినప్పుడు పనిచేస్తుంది. తనకి వరుసకి అన్నయ్య అయ్యే ఒకాయనతో కలిసి మావారు కైకలూరు అవతల రెండు చెరువులు కౌలుకి తీసుకుని ఏడాదిన్నర కావస్తోంది. పాప పదో తరగతి, నా స్కూలు ఉద్యోగం రెండూ గూడెంలోనే కాబట్టి మేం కదలలేం. చేపలు పట్టి అమ్మేదాకా ఆయనా కదలలేరు. రోజూ సాయంత్రం ఫోను చేస్తారు. "తిన్నాను, బాగున్నాను, పాప ఏం చేస్తోంది?" అనేసరికి లైను తెగిపోతుంది. ఇక ఎంత కొట్టినా కలవదు. చెప్పాలని పొద్దుటినుంచీ దాచుకున్న కబుర్లన్నీ నా దగ్గరే మిగిలిపోతాయి. వేరే కంపెనీకి మారదామని నేను అంటూనే ఉన్నాను, వాళ్ళ టవరు అక్కడికి వచ్చాక చూద్దామని ఆయన అంటూనే ఉన్నారు. ఆయన నంబరు మేత కొట్లకీ చేపలు కొనేవాళ్ళకీ అందరికీ తెలిసినది, పోగొట్టుకోవడానికి లేదు. అదే నంబరుతో పోర్ట్ పెట్టి మారాక అక్కడ సిగ్నలు లేకపోతే మూడు నెలలదాకా మళ్ళీ మారడానికీ లేదు. అందుకని కొత్త కంపెనీ సిమ్ము ఒకటి విడిగా కొని నా ఫోనులో వేసుకుని, స్వయంగా వెళ్ళి చూసి వద్దామని బయలుదేరాను. నిజం చెప్పొద్దూ, సిగ్నలు ఒక వంక. ఆయన్ని చూసి రెండు నెలలు దాటింది.

కార్తీకమాసం వెళ్ళిన మొదటి ఆదివారం అది. పాపని మా పిన్ని ఇంట్లో దింపి, ఏడింటికి స్టేషనుకి చేరాను. గూడెం నుంచి కైకలూరుకి గణపవరం మీదుగా కూడా పోవచ్చు గానీ బస్సులు మారాలి. నాకు ఏలూరు దారే ఇష్టం. పాసింజరు రైల్లో ముక్కాలు గంట, టికెట్టు ముప్పై అయిదు రూపాయల లోపే. ఏలూరు స్టేషను నుంచి బస్టాండుకి షేర్ ఆటోలో ఇరవై. అక్కడ కైకలూరు బస్సు ఎక్కితే ఆడవాళ్ళకి ఛార్జీ లేదు, ఆధార్ కార్డు మాత్రం దగ్గర ఉంచుకోండి. కుడిచేతి వైపు కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో ఫోను పెట్టుకుని, మజిలీ మజిలీకీ గీతలు చూసుకుంటూ కూర్చున్నాను.

ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా నీళ్ళే. కొంత కొల్లేరు, కొంత చెరువులు, ఏది ఏదో కొత్తవాళ్ళకి తెలియదు. పెద్ద ఎడ్లగాడి వంతెన మీద బస్సు కాస్త నెమ్మదించింది. కింద గుర్రపుడెక్క పక్కకి తోసుకుంటూ ఒక దోనె వెళుతోంది, దూరంగా తెల్లగా గూడబాతులు. ఇంకో రోజైతే చూస్తూ కూర్చునేదాన్నే. ఆ రోజు మాత్రం నా కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. కొత్త కంపెనీవాళ్ళు తమ మ్యాపులో కొల్లేరు మొత్తానికి రంగు పూసేశారు. దాని ప్రకారం చేపలు కూడా వీడియో కాల్ చేసుకోవచ్చు. వంతెన మీద ఉన్నది ఒక్క గీతే, అదీ వస్తూ పోతూ. నా ప్రాణం ఉసూరుమంది. ఆలపాడు దాటాక రెండయ్యాయి, కైకలూరులో నిండుగా వచ్చాయి.

బస్టాండు బయట ఆటో మాట్లాడుకున్నాను. చెరువుల దాకా నూట యాభై అన్నాడు, రోడ్డు చూశాక బేరం ఆడనందుకు సంతోషించాను. అతని పేరు సత్తిబాబు. ఆ గట్లకి మేత బస్తాలు వేసే మనిషే కాబట్టి మావారు తెలుసు. నేను ఫోను పైకెత్తి పట్టుకోవడం అద్దంలో చూసి నవ్వాడు.

"సిగ్నలు కోసమా అండీ? ఈ కంపెనీ ఇక్కడ బాగానే వస్తుందండి. అదిగో, ఐసు ఫ్యాక్టరీ వెనకాల కనపడుతోంది చూడండి, కొత్త టవరు. వానలకి ముందే పని మొదలెట్టింది."

"వానలకి ముందా? మావారు ఇంకా రాలేదంటున్నారే!"

"అదేంటండీ, ఆయనకి నేనే చెప్పానండి. నా ఫోను తీసుకుని షెడ్డులోంచి మేత కొట్టుకి మాట్లాడి చూశారు కూడానండి. బాగుంది సత్తిబాబూ అన్నారు."

ఎత్తి పట్టుకున్న ఫోను ఒళ్ళో పెట్టేసుకున్నాను. అయిదారు నెలలుగా ఆయనకి తెలుసు. తెలిసీ ప్రతి సాయంత్రం "టవరు వచ్చాక చూద్దాంలే" అంటున్నారు. నాతో మాట్లాడ్డం ఆయనకి ఆ ఒక్క నిమిషం చాలునేమో అనిపించింది. రోజుల తరబడి నేను ఎదురుచూసింది దేనికోసమో అర్థం కాలేదు.

ఆటో చప్పుడు విని ఆయన గట్టు మీదికి పరుగులాంటి నడకతో వచ్చారు. నల్లబడ్డారు, బనీను వదులైంది. ఆ మొహం చూశాక దారిలో కూడగట్టుకున్న కోపం సగం పోయింది. మిగతా సగం పట్టుకుని షెడ్డులోకి వెళ్ళి, తలుపు వేసి, ఆయన మంచం మీద కూర్చుని పిన్నికి ఫోను చేశాను. పాప గొంతు గణగణమంటూ వచ్చింది. పది నిమిషాలు మాట్లాడాను, ఒక్క మాట తెగలేదు.

"ఏవండీ, ఇక్కడ ఇంత బాగా వస్తోందిగా. మీకు ముందే తెలుసటగా?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "తెలుసులే. చూద్దాం శారదా, పట్టుబడి అయిపోనీ."

చేపలు పట్టే రోజుకీ సిమ్ముకీ సంబంధం ఏమిటని అడగబోతే, చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటరు బాగు చెయ్యాలంటూ లేచి వెళ్ళిపోయారు.

చెరువు మీద అందరికీ వంట మంగమ్మగారు చేస్తారు. కార్తీకమాసం నెల రోజులూ నీచు మానేసిన నాకు ఆవిడ శీలావతి చేపల పులుసు పెట్టారు. చింతపండు కాస్త ముందుంది, కారం ఇంకాస్త ముందుంది, రెండుసార్లు వేయించుకున్నాను. మొగాళ్ళు తిని వెళ్ళాక ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఎదురుగా ఒక కొబ్బరిచెట్టు, దాని మొదలుకి తాడుతో కట్టిన ప్లాస్టిక్ కుర్చీ.

"అదేనండీ సిగ్నలు కుర్చీ," అన్నారు మంగమ్మగారు. "పాత కంపెనీ అక్కడే ఒక గీత వస్తుందండి. పొద్దు వాలాక ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటారు. ఇంటి ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు మిగతావాళ్ళు గట్టు దిగి, అటు తిరిగి నిలబడతారండి. అయినా నీళ్ళ మీద మాట వినపడకుండా ఉంటుందా అండీ?"

"మరి అందరూ కొత్తదానికి మారిపోవచ్చుగా?"

"ముందు ఒకరు మారితే చూద్దామని అందరూ చూస్తున్నారండి. మీవారైతే మరీనండి. లైను తెగిపోయాక కూడా చెవి దగ్గర ఫోను అలాగే పెట్టుకుని కూర్చుంటారు. వెనకాలవాళ్ళు పాపం లెమ్మనరండి."

నాకు కళ్ళు మండాయి. పులుసు కారం అనుకున్నారేమో, ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

మూడున్నరకి సత్తిబాబు తిరిగొచ్చాడు. వెళ్ళేముందు ఆయన్ని అడగలేదు, వాదించలేదు. ఆయన ఫోను తీసుకుని, రెండు సిమ్ములకి రీఛార్జ్ దండగ అంటూ ఇన్నాళ్ళూ ఆయన ఖాళీగా ఉంచిన రెండో అరలో నా ఫోనులోని కొత్త సిమ్ము తీసి పెట్టేశాను. "రాత్రికి దీంట్లోంచి చెయ్యండి. కుర్చీలో కాదు, షెడ్డులోంచి" అన్నాను. ఆయన తల ఊపారు. ఆటో మలుపు తిరిగేదాకా గట్టు మీదే ఉన్నారు.

కైకలూరు నుంచి బస్సు వెంటనే దొరికింది. ఆటపాక పక్షుల కేంద్రం ఊరి పక్కనే, మీకు పడవ ఎక్కాలని ఉంటే మాత్రం పొద్దున్నే వెళ్ళాలి. చీకటి పడుతుండగా ఏలూరు స్టేషనులో గూడెం రైలు కోసం బెంచీ మీద కూర్చున్నాను. ఫోను మోగింది.

"తిన్నాను. బాగున్నాను. పాప ఏం చేస్తోంది?" అన్నారు ఆయన, ఎప్పటిలాగే గబగబా.

"నేనింకా ఏలూరులోనే ఉన్నానండి," అన్నాను. తర్వాత ఇద్దరం ఆగిపోయాం. లైను తెగడానికి అలవాటుపడ్డ మనుషులం కదా, తెగుతుందని చూస్తున్నాం. అది తెగలేదు. ఆయన ఊపిరి వినపడింది, వెనక ఏరియేటరు నీళ్ళు కొట్టే చప్పుడు వినపడింది.

"శారదా, ఉన్నావా?"

"ఉన్నానండి."

"బాగోలేదే. ఇక్కడ నాకేం బాగోలేదు." ఆయన గొంతు నేనెప్పుడూ విననంత నెమ్మదిగా ఉంది. "రోజూ తెల్లారగట్ల గాలాడక చేపలు తేలాయేమో చూడ్డానికి లేస్తాను. చూశాక, అటే నడిచి మొదటి బస్సు ఎక్కేద్దామనిపిస్తుంది. ఆ ఒక్క గీత మీద అయితే బాగున్నాననేసి ఊరుకుంటాను. ఇలా తెగకుండా నీ మాట వింటే ఎక్కేస్తానని భయం. ఎక్కేస్తే చెరువు ఏమైపోతుంది?"

నా రైలు వచ్చింది. జనం ఎక్కారు, దిగారు. నేను లేవలేదు. "చెప్పండి, వింటున్నాను," అన్నాను.

సిగ్నలు లేకపోవడమే మా ఇద్దరికీ అడ్డమని ఏడాదిన్నరగా కంపెనీని తిట్టాను. ఆయనకి అదే ఆసరా అయిందని ఆ బెంచీ మీద తెలిసింది. తెలిసి బెంగ తగ్గలేదు, రెట్టింపయింది. కాకపోతే ఇన్నాళ్ళూ నాది నేనూ, ఆయనది ఆయనా విడివిడిగా పడ్డాం, ఆ సాయంత్రం ఒకే బెంగని ఇద్దరం పట్టుకున్నాం. ఆయన బస్సు ఎక్కలేదు. మర్నాడు కైకలూరు వెళ్ళి ఆధార్ ఇచ్చి నంబరు పోర్ట్ పెట్టి వచ్చారు, గట్టు మీద అందరికంటే ముందు. కుర్చీ ఇంకా చెట్టుకే ఉందట.

మీరూ ఇలాంటి పని మీద బయలుదేరితే, సిగ్నలు రోడ్డు మీద చూసి నిర్ణయించుకోకండి. మనిషి పడుకునే చోట, తలుపు వేసి చూడండి. తిరిగొచ్చేటప్పుడు ఏలూరులో ఉండగా ఫోను వస్తే తొందరపడి పెట్టేయకండి. గూడేనికి సాయంత్రంపూట ఇంకో రైలు ఉంటుంది.