మసి మూతికి అంటిన ఎరుపు

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. పావగడ శనిమహాత్ముడి మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను. మా తాలూకాలో ఆ దేవుడి మీద దొంగ ఒట్టు పెట్టే ధైర్యం ఎవడికీ లేదు. ఉందంటే వాడికి ఏలినాటి శని అప్పటికే మొదలై ఉంటుంది.

సోలార్ పార్కులో పలకలు పరవడం ముగిసిన మరుసటి ఏడు, ఉగాది దాటిన వారానికి, నన్ను అక్కడి ఊళ్ళ నడుమ ఉన్న ఒక పశువైద్య ఉపకేంద్రానికి వేశారు. దాని పేరు రాయను. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవాడికి నా చెడ్డపేరు ఎందుకు? నా హోదా పశువైద్య పరీక్షకుడు. అంటే డాక్టరు కాదు, డాక్టరుకు ఒక మెట్టు కింద. సూది వేయవచ్చు, కట్టు కట్టవచ్చు, చచ్చిన జీవాన్ని పైపైన చూసి ప్రాథమిక నివేదిక రాయవచ్చు. కోసి చూడాలంటే పైనున్న వైద్యాధికారి రావాలి. జనానికి ఈ తేడాలు పట్టవు. సూది పట్టినవాడల్లా వాళ్ళకు గొడ్ల డాక్టరే. నేనూ ఎవరినీ సరిదిద్దలేదు.

ఆ ఉద్యోగం నాకు నేర్పిన మొదటి విద్య అనుమానం. పశువు అబద్ధం చెప్పదు. దాని వెంట వచ్చిన మనిషి చెబుతాడు. మేత మార్చి పెట్టినవాడు మార్చలేదంటాడు, నాటుమందు పోసినవాడు పోయలేదంటాడు. కాబట్టి ముందు పశువు నోరు చూసి, తర్వాత మనిషి కళ్ళు చూడాలి.

ఆ రోజుల్లో ఆ ఊళ్ళలో నాకంటే పెద్ద అనుమానపు పక్షులు ఉండేవారు. తాతల నాటి వేరుశనగ చేలు చూస్తుండగానే నీలం పలకల కిందికి పోయాయి. ఎవరైనా కాగితాల చుట్ట చంకలో పెట్టుకుని గట్టు మీద నిలబడితే చాలు, సర్వేవాడు వచ్చినాడు, మిగిలిన భూమికీ కొలత పడుతుందన్న మాట మధ్యాహ్నంలోగా మూడు ఊళ్ళకు పాకేది. అలాంటి చోటికి ఒక ఆడమనిషి కాగితాల చుట్టలూ మూడు కాళ్ళ స్టాండూ తెచ్చుకుని, పలకల కంచెను ఆనుకున్న పాత వేరుశనగ కాయల గోదామును అద్దెకు తీసుకుంది.

ఆమె సర్వే చేయడానికి రాలేదు. పేరు మోసిన చిత్రకారిణి. ఆమె బొమ్మలు పెద్ద పెద్ద నగరాల్లో గోడలకు వేలాడుతున్నాయట. అరవై దాటిన మనిషి. తెల్లజుట్టు చెవుల పైకి కత్తిరించుకుని, మగవాళ్ళ చొక్కా వేసుకుని తిరిగేది. తల్లిది మధుగిరి వైపు ఊరు కావడంతో తెలుగు బాగానే మాట్లాడేది. ఊరివాళ్ళు రంగులమ్మ అన్నారు. ఆమె వెంట వచ్చినవి రెండే ప్రాణాలు. మసి అనే నల్లకుక్క, సున్నం అనే తెల్లపిల్లి.

మొగుడు ఉన్నాడా, లేడా, ఉంటే ఎందుకు రాడు అని ఊరు నెల రోజులు తర్కించింది. మసికి రేబీస్ టీకా వేయడానికి వెళ్ళినప్పుడు సంగతి ఆమే చెప్పింది. భర్త కూడా చిత్రకారుడే. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో చెరొక గదిలో బొమ్మలు వేశారు. ఒకరి బొమ్మ చూసి ఒకరు నోరు తెరవడం మానేసిన తర్వాత ఇక కలిసి ఉండటానికి కారణం కనిపించలేదట. ఆయన ఇల్లు ఉంచుకున్నాడు, ఈమె కుక్కనూ పిల్లినీ తెచ్చుకుంది. “నేనే ఎక్కువ తెచ్చుకున్నా” అంది.

ఆమె వేసిన ప్రతి బొమ్మలోనూ ఏదో ఒక మూల ఒక నల్లమచ్చ ఉంటుంది. దాని మీద పండితులు చాలా రాశారట. ఒంటరి స్త్రీ లోపలి చీకటి అన్నాడట ఒకాయన. ఆమె ఆ సంగతి చెప్పి, గోడవారగా గుర్రుపెడుతున్న మసిని చూపించింది. “చీకటీ లేదు, ఏమీ లేదు. నేను బొమ్మ వేసేటప్పుడు వీడు ఎదురుగా పండుకుంటాడు. కనబడినాడు, వేసినా. ఆ పెద్దాయనకు చెప్పొద్దు, పాపం బాధపడతాడు.”

ఆ వేసవిలో ఒకనాటి ఉదయం ఓబళప్ప ఉపకేంద్రం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఐదిళ్ళ గొర్రెలను కలిపి మేపే కాపరి అతను. ముందురోజు మధ్యాహ్నం పలకల పక్కన మేస్తున్న మందలో మూడు పిల్లలు చచ్చిపోయాయి. మూడూ తిమ్మక్కవే.

“రంగులమ్మ కుక్కే సార్” అన్నాడు. “మూతి నిండా ఎర్రగా నెత్తురుండాది. నిన్న సాయంత్రం ఊరంతా చూసినారు.”

తిమ్మక్క నా కంటే ముందే కళేబరాల దగ్గర నిలబడి ఉంది. ఆమె పొలమంతా పలకల కిందికి పోయింది. చేతిలో పని అంటూ మిగిలింది ఆ గొర్రెలే. ఆమె ఏడవలేదు. “మూతి తుడుచుకునేది గూడా రాని దొంగముండ అది” అంది. “మీరేమీ కష్టపడొద్దు సార్. కాగితం రాసుకోండి. సాయంత్రానికి దాని మందు నేనే కలుపుతా.”

విషం పెడతానని ఆమె నేరుగా చెప్పింది. ఆమె చెప్పింది చేసే మనిషి. కుక్కకు నేను ఇవ్వగలిగిన గడువు ఆ సాయంత్రం వరకే.

ఇలాంటి సందర్భంలో పని వరుసగా చేయాలి. ముందు కళేబరం, తర్వాత చోటు, ఆ తర్వాతే అనుమానితుడు. తిరగేసి చేస్తే కన్ను తనకు కావలసిందే చూస్తుంది. మూడు పిల్లలకూ మెడ మీద నాలుగేసి రంధ్రాలు ఉన్నాయి. పైన రెండు, కింద రెండు, సూదితో గుచ్చినంత శుభ్రంగా. కోరపళ్ళ మధ్య దూరం కొలిచి రాసుకున్నాను. తర్వాత చోటు చూశాను. పలకలు కడిగిన నీళ్ళు కారి, వరుస పొడవునా సన్నని బురద పట్టీ ఏర్పడుతుంది. దానిమీద మొలిచే పచ్చిక కోసమే గొర్రెలు అక్కడికి పోతాయి. ఆ బురదలో అడుగులు ఒకదాని వెనక ఒకటి గీత గీసినట్టు పడి ఉన్నాయి. ఊరకుక్క అలా నడవదు. అటూ ఇటూ వాసన చూస్తూ వంకరగా పోతుంది. గీతలా నడిచేది తోడేలు. నాకు అక్కడే సగం తేలిపోయింది. అయితే బురద మీది గీతను చూపిస్తే తిమ్మక్క నమ్మదు.

గోదాము దగ్గరికి వెళ్ళేసరికి ఇరవై మంది దాకా పోగయ్యారు. రంగులమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. “పరీక్ష వాకిట్లోనే చేసుకోండి. లోపలికి మాత్రం ఎవరూ రావద్దు” అంది. ఆ మాటతో గుంపులో గుసగుసలు లేచాయి. దాచడానికి ఏమీ లేనివాళ్ళు తలుపుకు అడ్డం పడతారా? ఆమె నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ కుక్క వైపు తిరిగింది.

మసి మూతి నిజంగానే ఎర్రగా ఉంది. “అది రంగు” అంది ఆమె. తడిదూదితో తుడిస్తే ఎర్రపొడి వచ్చింది. తిమ్మక్క దూది లాక్కుని వేళ్ళతో నలిపి చూసింది.

“రంగే. ఎవురి రంగు? మా గొర్ల వీపు మీద నేను రాసిన రంగు. ఇంగేం కావాలప్పా మీకు?”

ఆమె మందకు గుర్తు ఎర్ర ఉంగరం. ఒక్కొక్క ఇంటివాళ్ళు ఒక్కొక్క రంగుతో ఒక్కొక్క గుర్తు వేస్తారు. మంద కలిసినా సొంతవి తెలియడానికి. రంగు అని నిరూపించబోయి కుక్క మెడకు ఉరి బిగించాను. నెత్తురు లేదనైనా చూపిద్దామని చిగుళ్ళ దగ్గర హైడ్రోజన్ పెరాక్సైడు వేశాను. గాయాలు కడిగే మందు అది, నెత్తురు తగిలితే తెల్లగా పొంగుతుంది. పొంగింది. గుంపు ఒక్కసారిగా గొంతెత్తింది.

దవడలు విప్పి చూపించాను. మసికి పద్నాలుగేళ్ళు. చిగుళ్ళు కుళ్ళి నెత్తురు దానంతటదే కారుతోంది. కింది కోరలు రెండూ విరిగి మొండి అయ్యాయి. పైన ఉన్న ఒక్కటీ వేలితో తాకితే కదులుతోంది. నాలుగు రంధ్రాలు పెట్టడానికి ఈ నోటికి సామాను లేదని చెప్పాను.

“మా అత్తకు ఒక్క పన్ను లేదు సార్” అంది తిమ్మక్క. “కోడికాలు ఇస్తే ఎముక గూడా మిగల్చదు.”

అందరూ నవ్వారు. నవ్వు మొదలైతే కొలతలూ పళ్ళూ ఎవరికీ పట్టవు.

ఆ రంగు రంగులమ్మ ఇంట్లోకి ఎలా వచ్చిందో చూడాలి, లోపలికి పోనివ్వమని అడిగాను. ఆమె నన్నొక్కడినే రానిచ్చింది. లోపల మూలన అదే ఎర్రపొడి డబ్బా, మూత తీసి ఉంది. దాని చుట్టూ నేల మీద కుక్క మూతి ముద్రలు. గోడకు ఆనించిన పెద్ద గుడ్డ మీద బొమ్మ ఇంకా తడిగానే ఉంది. వెనక నీలం పలకలు, ముందు స్టూలు మీద కంబళి కప్పుకుని కూర్చున్న మనిషి. అతని కాళ్ళ దగ్గర నల్లమచ్చ. స్టూలు మీద ఉన్నది ఓబళప్ప.

“మూడు మధ్యాహ్నాలు వచ్చి కూర్చున్నాడు” అందామె. “రంగు గూడా అతనే తెచ్చిచ్చినాడు. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. నిన్న కూడా ఈడే ఉన్నాడు. మసి కూడా.”

తన కుక్క ప్రాణం పోతున్నా ఆమె అప్పటిదాకా మాట తప్పలేదన్నమాట. నేను ఓబళప్పను లోపలికి పిలిచాను. బొమ్మ చూడగానే తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఓబళప్పా, నిన్న మధ్యాహ్నం గొర్రెల దగ్గర ఎవరున్నారప్పా?”

తలపాగా అంచు వేళ్ళకు చుట్టుకున్నాడు. “ఐదిండ్ల గొర్లు సార్. వదిలిపెట్టినానని తెలిస్తే రేపట్నుంచి మంద మేపను నాకు కట్టె ఇయ్యరు.” బొమ్మ వైపు చూశాడు. “మా నాయిన ఫోటో ఒక్కటి గూడా లేదు సార్. మొగం గుర్తు రాదు. నాది నా పిల్లోల్లకు అట్ల కాగూడదనుకొంటి.”

ఈలోగా బయట తిమ్మక్క ఇంటికి పోయి జొన్నముద్ద తెచ్చింది. ముద్దలో ఏముందో అందరికీ తెలుసు. అది చూసి అతనే వాకిట్లోకి నడిచాడు.

“కుక్క కాదక్కా. ఆ పొద్దు అది నా కాళ్ళకాడ పండుకోనుండాది.”

“నీ కాళ్ళకాడనా? నువ్వు యాడున్నావురా?”

“ఈడే. బొమ్మకు కూసోనుంటి.”

తిమ్మక్క చేతిలోని ముద్ద వైపు చూసుకుంది. “అయితే నా పిల్లల కాడ ఎవురున్నారురా?” అని మెల్లగా అడిగింది.

మహజరు రాశాను. మహజరంటే నలుగురి ఎదుట చూసింది చూసినట్టు రాసి వాళ్ళ సంతకాలు తీసుకునే పత్రం. చంపింది ఈ కుక్క కాదనీ, అడుగులను బట్టి తోడేలు కావచ్చనీ రాశాను. ముద్దను గుంత తీసి పూడ్చారు. తిమ్మక్క చివరగా వేలిముద్ర వేసింది.

ఇక కల్పించిన భాగం చెప్పాలి.

ఓబళప్ప ఆ రోజు మందను వదిలి ఎక్కడికీ పోలేదు. పలకల వరుసకు అవతల ఉండటంతో తోడేలు రావడం అతనికి కనిపించలేదు. కుక్కే చంపిందని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆ స్టూలు మీద మూడు మధ్యాహ్నాలు కూర్చున్నది నేను. ఎర్రపొడి నేనే తెచ్చి ఇచ్చాను. మాట తీసుకున్నదీ నేనే. చలనవలన పుస్తకంలో, అంటే ఏ వేళకు ఎక్కడ పని చేశామో రాసే పుస్తకంలో, ఆ మూడు మధ్యాహ్నాలూ నేను క్యాతగానచెర్లులో పశువులకు గాలికుంటు టీకాలు వేస్తున్నాను. నాయన ఫోటో లేదన్న మాట నిజం. ఆ నాయన మాత్రం ఓబళప్ప నాయన కాదు.

కొలతలూ, అడుగులూ, నురుగూ, పళ్ళూ జరిగినవి జరిగినట్టే రాశాను. అంత శ్రద్ధగా ఎందుకు చేశానంటే, నేను నోరు విప్పకుండానే కుక్క బయటపడాలని. బయటపడలేదు. ముద్ద వచ్చాక, స్టూలు మీద కూర్చున్నది నేనేననీ, పుస్తకంలో ఏం రాశానో కూడా చెప్పాను. తిమ్మక్క అడిగిన ప్రశ్న కూడా వేరు. “అయితే క్యాతగానచెర్లులో మా చెల్లెలి ఆవుకు సూది వేసినానని రాసుకున్నారే, అది ఎవురు వేసినారు సార్?” అని అడిగింది. ఎవరూ వేయలేదు. మర్నాడు పోయి వేశాను. పైఅధికారి నా సంజాయిషీ తీసుకుని, మందలింపును సేవాపుస్తకంలో ఎక్కించాడు. ఓబళప్ప ఇది చదివితే నన్ను తిట్టడానికి వస్తాడు. రావచ్చు.

ఆ తర్వాత నడుము నొప్పితో ముందుగానే ఉద్యోగం వదిలేసేదాకా ఎన్నో మహజర్లు రాశాను. ప్రతిదానిలో మొదటి మాటగా, ఘటన జరిగిన వేళకు పరీక్ష చేస్తున్నవాడు ఎక్కడున్నాడో రాసేవాణ్ణి. అచ్చు ఫారంలో దానికి గడి లేదు. అంచున ఉన్న ఖాళీలో రాసేవాణ్ణి.