నేను వద్దన్న అర్జీ

మద్రాసు నుంచి ఆ కాగితాలు వచ్చినప్పుడు నేను అరుగు మీద ఉలవలు చెరుగుతున్నాను. మా ఆయన కవరు చించి, నిలబడే చదివి, మళ్లీ మొదటి నుంచి చదివి, వచ్చి నా చాట పక్కన కూర్చున్నారు. పగటిపూట ఆయన అట్లా నా దగ్గర కూర్చోవడం చాలా అరుదు.

ఆయన మదనపల్లెలో మిషన్ వాళ్ల ఓవర్సీరు. ఆసుపత్రి గదులు, బళ్లు, బావులు, వంకల మీద చిన్న వంతెనలు, చుట్టుపక్కల మిషన్ పని ఎక్కడ జరిగినా నేల కొలిచేదీ, పటం గీసేదీ, పునాది నుంచి పైకప్పు దాకా ఎండలో నిలబడి కట్టించేదీ ఆయనే. పటం కింద సంతకం మాత్రం ఆయనది కాదు. కాలేజీలో చదివిన ఇంజనీరు కాదు కదా. అందుకని పెద్ద పని ప్రతిదానికీ బయటి ఊరి నుంచి ఒక ఇంజనీరు వచ్చేవాడు. ఒక పూట ఉండి, కాఫీ తాగి, సంతకం పెట్టి వెళ్లేవాడు.

ఆ కాగితాల్లోని సంగతి నాకు ఆయనే విడమరిచి చెప్పారు. కాలేజీ చదువు లేకపోయినా, చాలా ఏళ్లు పని చేసినవాళ్లు తాము చేసిన పనులన్నీ రాసి అర్జీ పెట్టుకోవచ్చు. పేరున్న ఇంజనీరు ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. మద్రాసులో పెద్దలు పిలిచి ప్రశ్నలు అడుగుతారు. నచ్చితే ఇంజనీర్ల పుస్తకంలో పేరు ఎక్కిస్తారు. ఇక పటం కింద సంతకం తనదే. యుద్ధం అయ్యాక కుప్పంలో కొత్త ఆసుపత్రి కట్టాలని మిషన్ వాళ్లు అనుకుంటున్న రోజులవి. యుద్ధం ముగిసేలోపల ఈయన పేరు ఎక్కితే, ఆ ఆసుపత్రి మొత్తం ఈయన చేతిలోనే పెడతామని ఇక్కడి పెద్ద డాక్టరమ్మ అన్నారట.

"ఏమంటావుమే?" అన్నారు.

"ఏం రాయల్ల దాంట్లో?"

"నేను ఏమేం చేసినాను, ఎట్ల చేసినాను, అంతా."

"మిమ్మల్ని గురించి మీరే రాసుకోవల్లా?"

"వేరే వాళ్లు రాస్తే ఒప్పుకోరంట."

నేను మూడో తరగతి దాకా చదివిన దాన్ని. నాకు తెలిసిన లోకమంతా మా నాయన చెప్పిందే. రామసముద్రం దగ్గర పల్లెలో మా నాయన ఉపదేశి, చర్చిలో వాక్యం చెప్పేవాడు. కోత పండుగనాడు గుడిలో ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుడు తమకు ఏం చేశాడో చెప్పాలి గానీ, తాము చేసింది నోట రాకూడదు. ఒకసారి ఒకాయన లేచి, ఈ గుడికి తలుపు నేనే చేయించానని మొదలుపెట్టాడు. "అట్లయితే పొయ్యేటప్పుడు దాన్ని ఎత్తుకోని పోప్పా, మాకు గాలి బాగా వస్తుంది" అన్నాడు మా నాయన. గుడంతా నవ్వింది. తలుపు చేయించిన ఆయన మళ్లీ ఏ పండుగకూ నోరెత్తలేదు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆ నవ్వు నా చెవుల్లో అట్లాగే ఉండిపోయింది.

అందుకని నేను మా ఆయనతో అన్నాను. "అది గర్వం కదా. ఇన్నేళ్లు లేనిది, ఇప్పుడు మన డప్పు మనమే కొట్టుకుంటామా? సూసినోళ్లు నవ్వరా?"

ఆయన చాటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేశారు. "సరేలే" అని లేచారు. కాగితాలు పెట్టె అడుక్కి వెళ్లాయి.

అవి రెండేళ్లు అక్కడే ఉన్నాయి. మధ్యలో రెండు మూడుసార్లు ఆయన వాటిని తీసి, పెన్సిలు చెక్కుకుని, బల్ల ముందు కూర్చోవడం నేను చూశాను. కాసేపు కిటికీలోంచి చూసి మళ్లీ పెట్టెలో పెట్టేసేవారు. అప్పుడైనా నేను "రాయండి" అని ఉండవచ్చు. అనలేదు. వంటింట్లో ఏదో పని ఉన్నట్టు వెళ్లిపోయేదాన్ని.

ఆ రెండేళ్ల చివర, పుంగనూరులో తాను కట్టించిన ఆడవాళ్ల వార్డు తెరిచిన రోజు నన్నూ తీసుకెళ్లారు. యుద్ధంలో పెట్రోలు దొరక్క అప్పుడు బస్సులు బొగ్గుతో నడిచేవి. ఎత్తు వస్తే అందరం దిగి నడవాలి, పైన బస్సు మన కోసం దగ్గుతూ నిలబడి ఉంటుంది. చేరేసరికి నా తెల్ల చీర బూడిద రంగుకు తిరిగింది. ప్రార్థన అయ్యింది, రిబ్బను కత్తిరించారు, లడ్లు పంచారు. గుమ్మం పక్కన గోడలో చలువరాయి పొదిగి ఉంది. దాని మీద తెలుగులో కూడా చెక్కారు గనుక నేను చదవగలిగాను. దానం ఇచ్చిన వాళ్ల పేరు, తెరిచిన వాళ్ల పేరు, కింద ఇంజనీరు పేరు. ఆ కాఫీ తాగి వెళ్లే ఆయన పేరు.

నా పక్కకు ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. ఆ వార్డు గోడలు లేపిన తాపీ మేస్త్రీ. చెవులకు పోగులు, భుజం మీద కొత్త తువ్వాలు.

"ఓవర్సీరప్ప ఇంటామెవి కదమ్మా?"

"అవునప్పా."

"రాతి మీద మీ ఆయన పేరు యాడుండాదో సూస్తాండావా? సూడు సూడు, సాయంత్రం దాకా సూడు, దొరకదు." నవ్వాడు. ఆ తరువాత నవ్వు ఆపి, చేయి చాచి గది మూల చూపించాడు. "ఆ మూల కింద ఏముండాదో చెప్పినాడా నీకు?"

లేదన్నాను.

"అంతే, చెప్పడు. పాతకాలంలో ఇటికెల వాళ్లు మన్ను తవ్విన గుంతమ్మా అది. ఎప్పుడో పూడ్చేసినారు, ఎవరికీ తెలీదు. గడ్డపార దించితే నెయ్యిలోకి దిగినట్ల దిగె. అప్ప పని నిలిపేసినాడు. ఆ ఇంజనీరు దొర జాబు రాసె, పటంలో ఉండేంత లోతు చాలు, కట్టండి అని. ఈయప్ప కట్టనంటే కట్టను అనె. గట్టి నేల తగిలేదాకా తవ్వించినాడు, మూడు నిలువులు. కూలోళ్లు తిట్టుకున్యారు, నేనూ తిట్టినాను, దాపరికమేం లేదు. ఆ ఏడు వానలకు పక్కనుండే కాంపౌండు గోడ కూలిపోయె. ఇది వెంట్రుకంత కూడా చీలలేదు. పండుకోని ఉండే బిడ్డతల్లుల మీద పడుండేది కదమ్మా ఆ మూల."

ఆ పని జరిగిన నెలలన్నీ ఆయన ప్రతి శనివారం ఇంటికి వచ్చారు. నేను వేడినీళ్లు కాచాను, అన్నం పెట్టాను, కబుర్లు చెప్పాను. ఆయన మాత్రం ఈ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో ఎత్తు దగ్గర దిగి నడుస్తూ అడిగాను. "ఆ గుంత సంగతి యాల చెప్పలేదు నాకు?"

"ఏముండాది చెప్పేదానికి? గుంత ఉండె, తవ్వితిమి."

"పోతూనే ఆ అర్జీ తీయండి."

"గర్వమంటివే?"

"ఆ రాయి చెప్పేది అబద్ధం కదా. మీరు నోరు మూసుకోని ఉండేది ఆ అబద్ధానికి తోడు పోయినట్టు కాదా?"

"మద్రాసులో కోట్లు వేసుకోని అడుగుతారు. నాకు నోరు వస్తుందా?" అన్నారు.

అర్జీ రాయడానికి వారం పట్టింది. సాక్షి సంతకం కోసం కుప్పం వెళ్లాలి. ఉద్యోగం విరమించిన ఒక అయ్యరు ఇంజనీరు అక్కడ ఉండేవారు, మా ఆయన కుర్రతనంలో ఆయన కింద పని నేర్చుకున్నారు. నేనూ వస్తానన్నాను. ఒంటరిగా పంపితే దారిలో పలమనేరులోనే దిగి వెనక్కు వచ్చేస్తారని నా అనుమానం.

అయ్యరు వరండాలో కూర్చుని, కళ్లద్దాలు ముక్కు చివరకు జార్చుకుని చదివారు. చదివేకొద్దీ ఆయన ముఖం చిట్లింది.

"ఇదేమప్పా, ఇంజనీరు అర్జీనా, ఆదివారం ప్రార్థనా? బావి పడింది దేవుని దయ. వంతెన నిలిచింది మేస్త్రీ పనితనం. బడి లేచింది డాక్టరమ్మ చలవ. సరి, నువ్వేం చేసినావు? గొడుగు పట్టుకోని నిలబడి ఉండినావా?"

"అందరూ చేసిందే కదా సార్."

"పుంగనూరు పునాది. ఇక్కడ రాసినావు, 'నేల మెత్తగా ఉండగా లోతు పెంచడమైనది' అని. పని ఆపిందెవరు?"

"మేస్త్రీ గడ్డపార దించి చూపించినాడు సార్."

"చూపించింది అతను. ఆపిందెవరు?"

మా ఆయన నేల చూశారు. "నేనే సార్."

"కట్టమని జాబు వస్తే కట్టనన్నదెవరు?"

"నేనే."

"అది రాయి! వాళ్లకు కావలసింది అదొక్కటే. రేపు నువ్వు సంతకం పెట్టిన గోడ పడితే మేస్త్రీని పిలుస్తారా, దేవుణ్ని పిలుస్తారా? నిన్నే కదా పిలిచేది!"

ఆ మాట నాకు తగిలింది. మా నాయన గుడిలో నేర్పింది తప్పు కాదు. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించింది నేను. ఇది మెప్పు కోసం రాసే కాగితం కాదు, తప్పు వస్తే నా మీద వేయండి అని రాసిచ్చే కాగితం. రెండేళ్ల కింద నాకు ఆ తేడా తెలియలేదు.

ఆ రోజంతా వాళ్లు మళ్లీ రాశారు. ఏ పని ఏ ఏడు చేశారో కూడా కావలసి వచ్చింది. మా ఆయన దగ్గర లెక్కలేమీ లేవు, పని పుస్తకాలన్నీ ఆఫీసులో ఇచ్చేస్తారు. "సదుం దావలో కల్వర్టు ఎప్పుడు?" అంటే ఆయన తల గోక్కున్నారు. గుమ్మం దగ్గర కూర్చున్న నేను ఉండబట్టలేక, "మా రెండో బిడ్డ ఏడో నెల కడుపులో ఉండాది సార్, మామిడికాయల కాలం" అన్నాను. కలికిరి బడికి, మా అత్త పోయిన ఏడు. కుష్ఠు రోగుల బావికి, మా ఆవు రెండు దూడల్ని ఈనిన చలికాలం. అయ్యరు వేళ్ల మీద లెక్కవేసి సంవత్సరం రాసుకుంటూ, "ఏమప్పా, రికార్డు ఆఫీసు ఇంట్లోనే పెట్టుకున్నావే!" అని నవ్వారు.

సంతకం పెట్టేముందు మొదటి పేజీ తిరగేసి ఆగారు. "ఈ ఫారం వచ్చి రెండేళ్లాయె. ఇన్నాళ్లు యాల కూర్చున్నావు?"

నేను కొంగు సర్దుకున్నాను.

"తీరిక లేకపోయె సార్" అన్నారు మా ఆయన.

కుప్పం పోస్టాఫీసులోనే రిజిస్టరు చేసి పంపాము. నాలుగు నెలలకు పిలుపు వచ్చింది. మద్రాసు వెళ్లి వచ్చారు. ఏం అడిగారంటే, "ఆ గుంత గురించే అడిగినారు, మొత్తం సేపూ అదే" అన్నారు. చెప్పగలిగారా అంటే తలూపారు. తరువాత ఉత్తరం వచ్చింది, పేరు ఎక్కింది.

ఆ ఉత్తరం వచ్చేటప్పటికి ఆయన కుప్పంలో ఉన్నారు. కొత్త ఆసుపత్రి పునాది గీతలకు ముగ్గు పోయిస్తున్నారు. యుద్ధం అయిపోయి అప్పటికే కొన్ని నెలలైంది. మిషన్ కమిటీ వాళ్లు ఆగలేకపోయారు, ఆగమని అడిగే ముఖం మాకు లేదు. పని ఒక పట్నం ఇంజనీరుకు ఇచ్చేశారు. మా ఆయన ఎప్పటిలాగే ఓవర్సీరు. నేనే ఉత్తరం పట్టుకుని బస్సులో వెళ్లాను. ఆయన చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, దారం పట్టుకున్న మనిషితో "రొంత కుడిపక్కకు జరుపప్పా" అన్నారు.

ఆ తరువాత ఆయన సంతకంతో రెండు బళ్లు, ఒక బావి, ఒక పాస్టరు ఇల్లు లేచాయి. అంతలో కళ్లకు పొర వచ్చింది, గీత కనబడదని పని మానేశారు. ఆసుపత్రి అంత పని మళ్లీ రాలేదు.

ఒకసారి అడిగాను. "నేను వద్దనకపోయింటే కుప్పం ఆసుపత్రి మీ చేతికే వచ్చుండేది కదా?"

"నువ్వు అన్నందుకా ఆగింది నేను? నాకే భయముండె. నీ మాట నాకు సాకు దొరికె, అంతే" అన్నారు.

ఆ మాట నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. మంచి జరిగితే పక్కవాళ్ల పేరు చెప్పి, చెడు జరిగితే తన మీద వేసుకునే మనిషి ఆయన. ఇంకొకరు ఆ మాట చెప్పి ఉంటే నమ్మి ఉండేదాన్ని.