చివర రెండు తొమ్మిదులు

నాకు పాములంటే భయం లేదు, ఉరుములంటే భయం లేదు. పంతొమ్మిదేళ్ల వయసులో సైకిల్ పోతుందేమోనని మాత్రం రోజూ వణికి చచ్చేవాణ్ణి. నవ్వుకోండి, ఫరవాలేదు. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో పొద్దుటి సైరన్ ఆగాక గేటు వేసేసేవారు. మా క్వార్టరు నుంచి నడిస్తే ముప్పావు గంట. పైగా నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. పనిలో నిప్పురవ్వలు పడి మా నాన్న చూపు పోతే, ఆయన బదులు నన్ను తీసుకున్నారు. నాలుగు రోజులు ఆలస్యమైనా, పోలీసు కాగితంలో ఒక్కసారి పేరెక్కినా "ఇంక రావద్దు" అనేస్తారు. అప్పుడు నాన్న, అమ్మ, నేను క్వార్టరు ఖాళీ చేసి సామాన్లతో రోడ్డు మీద నిలబడాలి. అరవైల చివర్లో సంగతి ఇది.

సైకిల్ నాన్నదే. చూపు పోయిన ఆరో నెలలో నా చేతికి ఇచ్చాడు. ఇచ్చాడంటే ఏమిచ్చాడు, వంద షరతులు పెట్టి ఇచ్చాడు.

"ఒరే, అర నిమిషం దిగినా తాళం ఎయ్యాల. దొంగోడికి అర నిమిషం సాలదనుకున్నావేటి? ఎనక సక్రం తాళం ఒక్కటీ ఏసీసి వొచ్చీకు. భుజానెత్తుకుని సక్కా పోతాడు. గొలుసు ముందు సక్రంలోంచి తీసి, ఏదైనా స్తంభానికి సుట్టి, అప్పుడు ఎయ్యి రెండో తాళం."

తాళం చెవులు నా మొలతాడుకే ఉండాలి. గాలి పంపు ఇంట్లోనే ఉండాలి. సినిమా హాలు ముందు ఆపకూడదు, స్నేహితుడికైనా ఎరువివ్వకూడదు. ఇంటికొచ్చాక వరండాలో వదలకూడదు, గదిలో ఆయన మంచం పక్కన, చేతికి అందేలా నిలబెట్టాలి. వీటన్నిటికీ మించింది నెంబరు. సీటు కింద గొట్టం మీద కంపెనీవాళ్లు గుద్దిన అంకెలు ఉంటాయి చూడండి, అవి. రోజూ పొద్దున్న గడప దాటేముందు "నెంబరు సెప్పు" అనేవాడు. ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేవాణ్ణి. చివర రెండు తొమ్మిదులు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడూ, సాయంత్రం వచ్చినప్పుడూ సీటు కింద వేలు పెట్టి ఒక్కొక్క అంకే తడిమేవాడు. తొమ్మిదులు తగిలాక "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" వినేదాకా నాకు ఊపిరాడేది కాదు.

ఆ రోజుల్లో సైకిళ్లు నిజంగానే పోయేవి. ప్రేమ్ బజార్లో ఒక విద్యార్థి టీ గ్లాసు కింద పెట్టేలోగా అతని సైకిల్ మాయమైందని చెప్పుకున్నారు. ఆ కథ విన్నాక నేను బయట టీ తాగడం మానేశాను. గోల్ బజార్లో కూరగాయలు కొంటున్నా కళ్లు సైకిల్ మీదే ఉండేవి. కొట్టువాడు పుచ్చు వంకాయలన్నీ నా సంచిలోనే పోసేవాడు. "నీ కళ్లు ఎక్కడెట్టుకున్నావురా బాబూ" అని అమ్మ రోజూ దులిపేసేది.

పక్క క్వార్టరు మావ కార్ఖానాలో రైలుపెట్టెలకు రంగులు వేసే చోట పనిచేసేవాడు. ఓ రోజు మా ఇంటికొచ్చి ఉపాయం చెప్పాడు. "అల్లుడూ, నీ సైకిలుకి గూడ్సుబండి డబ్బా రంగేసీ. ఆ రంగు సూస్తే ఇది కార్ఖానావోడిదని పిల్లోడైనా సెప్తాడు. ఇంక ఏ దొంగ ముట్టుకుంటాడు? ముట్టుకున్నా ఎవుడు కొంటాడు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. రంగు డబ్బాల అడుగున మిగిలిన ముదురెరుపు మావే తెచ్చిచ్చాడు. హ్యాండిల్ తప్ప మొత్తం పూసేశాను. ఆ సాయంత్రం నాన్న వేలితో తడిమి, "అంకెల్లో రంగు నింపీసినావేటిరా, సన్నాసీ!" అని తిట్టి, మేకు తెప్పించుకుని ఒక్కొక్క అంకె గోకి శుభ్రం చేసుకున్నాడు.

ఉపాయం బాగుంది. ఎంత బాగుందంటే ఊరంతా నేర్చుకున్నారు. మావ నాకొక్కడికే చెప్పాడా? కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. నెల తిరిగేసరికి గేటు ఎదురుగా ఉన్న సైకిల్ స్టాండులో సగం సైకిళ్లు ఆ డబ్బా రంగే. తాళాలు చూస్తే అందరం కొన్నది గోల్ బజార్లో ఒకే కొట్టులో. ఒక చెవి పది తాళాలకు పడుతుందని మాలో ఎవరికీ తెలీదు. దొంగ గుర్తుపట్టాలని అందరం ఒకే వేషం వేసుకున్నాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆ స్టాండుకి కాపలా ఒక బెంగాలీ ముసలాయన. అందరూ కాకా అనేవారు. చీటీలూ బిళ్లలూ ఏమీ ఉండేవి కావు, ఆయనకి మా మొహాలే గుర్తు. సైకిల్ దిగిన ప్రతివాణ్ణీ ఒకటే అడిగేవాడు: "తాలా లాగియేఛో?" తాళం వేశావా అని. వేశానన్నా నమ్మక, వెనకే వచ్చి లాగి చూసేవాడు. నాన్న తర్వాత నా సైకిల్ గురించి అంత బెంగ పెట్టుకున్న మనిషి ఆయనే.

ఓ వానాకాలం పొద్దున్న బురదలో చక్రం జారి ఆలస్యమైంది. నేను స్టాండులోకి వచ్చేసరికి సైరన్ మోగుతోంది. అది ఆగితే గేటు మూస్తారు. ఏ వరసో కూడా చూడకుండా దొరికిన సందులో తోసి, వెనక చక్రం తాళం నొక్కి, గొలుసు సీటు కింద గొట్టానికి ఊరికే చుట్టేసి పరుగెత్తాను. "తాలా?" అని కాకా అరిచాడు. "ఠీక్ హై కాకా!" అని వెనక్కి తిరక్కుండా అరిచాను.

ఇక ఆ పూట నా అవస్థ చెప్పనలవి కాదు. ఆకురాయితో ఇనుము రాస్తున్నా, సుత్తి పట్టుకున్నా, ఎవడో నా సైకిల్‌ని భుజాన వేసుకుని పోతున్నట్టే కనబడేది. భోజనాల సైరన్ మోగగానే అందరికంటే ముందు పరుగెత్తాను. ఓ మూల డబ్బా రంగు సైకిల్, సీటు కింద చుట్టిన గొలుసు. ఉంది, నా సైకిల్ ఉంది! చెవి పెట్టి తిప్పాను, టక్కున తెరుచుకుంది. దేవుడికి దండం పెట్టుకుని ఇంటికి తొక్కేశాను.

అమ్మ కంచంలో అన్నం పెడుతోంది. నాన్న సీటు కింద వేలు పెట్టాడు. "ఊఁ" అనలేదు. మళ్లీ మొదటి అంకె నుంచి తడిమాడు.

"తొమ్మిదులేవిరా?"

"రంగు నిండిపోయుంటాది నాన్నా."

"రంగు నా సేత్తో గోకినానురా. ఇది మూడు. ఇది ఒకటి. ఇది మనది కాదు."

పై ప్రాణాలు పైనే పోయాయి. వంగి చూశాను. మూడు, ఒకటి. సీటు తోలు కూడా మా సీటుది కాదు. 

"తాళం సెవి పట్టింది కదా నాన్నా!"

"పడితే? నీ సెవితో పరాయోడి తలుపు తెరుసుకుంటే అది నీ ఇల్లయిపోద్దా?" నాన్న గొంతులో కోపం లేదు, తొందర ఉంది. "అన్నం తరవాత. ఇప్పుడే ఎల్లు. అందరి ముందూ సెప్పు, పొరపాటున తీసికెల్లిపోనానని. నవ్వుతారు. నవ్వనీ. దొంగసాటుగా ఎట్టీసి మాత్రం వొచ్చీకు, ఇన్నావా?"

విన్నాను. దారంతా అదే వల్లించుకున్నాను. అయినా ఎదురొచ్చే ప్రతి మనిషీ ఆ సైకిల్ సొంతదారే అనిపించేది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక కానిస్టేబుల్ ఊరికే దగ్గితే నేను సైకిల్ దిగిపోయాను. 

స్టాండు ముందు గుంపు. కొలిమి దగ్గర పనిచేసే భారీ మనిషి ఒకడు కాకా చొక్కా పట్టుకుని ఊపేస్తున్నాడు. "మేరా సైకిల్ కిధర్ హై? బోల్! కిస్కో బేచా?" నా సైకిల్ ఎక్కడ, ఎవరికి అమ్మావు చెప్పమని. కాకా చేతులు జోడించి "ఆమి జానీ నా బాబా, ఆమి జానీ నా" అంటున్నాడు. తెలీదు బాబూ, నాకు తెలీదు.

అతని సైకిల్ నా చేతిలో ఉంది. గుంపుకి పది అడుగుల దూరంలో ఉన్నాను. అందరి వీపులూ నా వైపు. "గలతీ సే లే గయా భాయీ" అని, పొరపాటున తీసుకెళ్లానని చెప్పే మాట నాలుక చివరకొచ్చింది. అప్పుడే ఆ మనిషి కాకాని చెంపమీద కొట్టాడు. కళ్లజోడు బురదలో పడింది. "పోలీస్ బులావో" అని ఎవరో అరిచారు, పోలీసుల్ని పిలవమని. నా కాళ్లు వాటంతట అవే వెనక్కి తిరిగాయి.

షెడ్డు వెనకాల ఒక రేకు ఊడిపోయి ఉండేది. సైకిల్‌ని అందులోంచి తోసి, ఆఖరి వరసలో పెట్టి, తాళం నొక్కాను. మూడో వరసలో నా సైకిల్, పొద్దున్న వదిలినచోటే ఉంది. సీటు కింద వేలు పెట్టాను. రెండు తొమ్మిదులు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అవతల ముసలాయన ఏడుస్తుంటే నాకు ఆ క్షణాన కలిగింది సంతోషం.

సాయంత్రం సైరన్ అయ్యాక ఆ కొలిమి మనిషికి ఆఖరి వరసలో తన సైకిల్ కనబడింది. హమ్మయ్య, గొడవ తీరిపోతుందనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణి! అతను స్టాండంతా అదిరేలా అరిచాడు: "దేఖా? పోలీస్ కా నామ్ సునా తో వాపస్ రఖ్ దియా!" పోలీసు పేరు వినగానే తెచ్చి పెట్టేశాడు చూశారా అని. అందరూ తలలూపారు. నిజమే కదా, మధ్యాహ్నం లేని సైకిల్ సాయంత్రానికి ఎలా వస్తుంది? అప్పటిదాకా కాకా మీద ఉన్నది అనుమానం. దాన్ని రుజువు చేసిపెట్టింది నేను.

అప్పుడైనా చెప్పొచ్చు. కానీ వెనక రేకులోంచి ఎందుకొచ్చావురా అని అడుగుతారు. ఏం చెప్పను? దొంగ వచ్చే దారి అదే. పోలీసు, కాగితం, నా పేరు, ఖాళీ చేసిన క్వార్టరు, అన్నీ కళ్లముందు గిర్రున తిరిగాయి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, నా సైకిల్ తాళం తీసుకున్నాను. కాకా అలవాటుగా నా వైపు చూశాడు. కళ్లజోడులో ఒక అద్దం లేదు.

ఇంట్లో నాన్న మంచం మీద లేచి కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

"సెప్పినావా?"

"సెప్పినాను."

"ఏటన్నాడు?"

"నవ్వినాడు."

"నాను సెప్నేదా!" అని నాన్న కూడా నవ్వాడు. తొమ్మిదులు తడిమి, "ఊఁ" అని, సీటు మీద రెండుసార్లు తట్టాడు. అమ్మ మధ్యాహ్నం అన్నమే మళ్లీ వడ్డించింది. తిన్నాను కూడా.

మర్నాడు స్టాండులో కొత్త మనిషి కూర్చున్నాడు. వాడు తాళం గురించి ఎవర్నీ ఏమీ అడగలేదు.

శనివారం సాయంత్రం పక్క క్వార్టరు మావ మా వరండాలో కూర్చుని నాన్నకి కబుర్లు చెబుతున్నాడు. నేను లోపల సైకిల్ చైనుకి నూనె వేస్తున్నాను. "ఇన్నావా బావా, స్టాండు ముసలోడే దొంగంట! కొలిమోడి సైకిలు మజ్జాన్నం మాయం సేసి, పోలీసులనేతలికి సాయంత్రానికి తెచ్చెట్టీసినాడంట. స్టాండు కంట్రాక్టరు పనిలోంచి తీసీసినాడు. మలంచా కాడ ఉంటాడంట ముసలోడు. పాపం, సూడ్డానికి మంచోడిలాగుంటాడు."

నాన్న ఎప్పుడు జరిగిందని కూడా అడగలేదు. కాసేపయ్యాక మావని చుట్ట ఒకటి ఇమ్మన్నాడు. నూనె నా చేతులమీంచి నేలమీదికి కారుతోంది.

ఆదివారం పొద్దున్న సైకిల్ గడప దగ్గరికి తెచ్చి నిలబడ్డాను. నెంబరు చెప్పమంటాడని ఆగాను. నాన్న వేపపుల్ల నములుతూ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఎంతసేపు నిలబడినా అడగలేదు. నేనే గడప దిగి వెళ్లిపోయాను.

మలంచాలో ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ఇల్లు చూపించారు. కాకా అరుగు మీద చేట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. ఒక్క అద్దం కళ్లజోడుని దారంతో చెవికి కట్టుకున్నాడు. నన్ను చూసి బోసినోటితో నవ్వాడు. తర్వాత నేను గోడకి ఆనించిన సైకిల్ వైపు చూశాడు.

"తాలా లాగియేఛో?"

వెళ్లి వెనక చక్రం తాళం వేశాను. గొలుసు స్తంభానికి చుట్టి రెండోదీ వేశాను. తిరిగొచ్చి ఆయన ముందు నిలబడ్డాను. నేను ఎందుకొచ్చానో చెబుతానని ఆయన చేట పక్కన పెట్టి ఎదురుచూశాడు. "కేమొన్ ఆఛేన్ కాకా?" అన్నాను. ఎలా ఉన్నారని. "భాలో, భాలో" అన్నాడు. చెప్పేస్తే ఆయన రేపే గేటు దగ్గరికి వెళ్లి నా పేరు చెబుతాడు. చెప్పకుండా ఎందుకుంటాడు?  రెండు తాళాలూ తీసి ఇంటికి వచ్చేశాను.

"ఎక్కడికెల్లినావు?" అన్నాడు నాన్న, నేను గదిలోకి రాగానే.

"మలంచాకి."

చూపులేని కళ్లు నా గొంతు వచ్చినవైపు తిప్పాడు.

"సెప్పినావా?"

రెండోసారి అబద్ధం ఆడలేకపోయాను. "నేదు నాన్నా."

సైకిల్‌ని ఎప్పటిలాగే మంచం పక్కన, చేతికి అందేలా నిలబెట్టాను. ఆయన చెయ్యి మోకాలి మీంచి కదల్లేదు.