నీలం పొగ రాని రోజు

మా వీధిలో పాత మోటారు సైకిలు ఏదైనా నీలం పొగ వదులుతూ పోతే అందరూ ముక్కు మూసుకుంటారు. నేను మూసుకోను. ఇంజనులో నూనె కాలే ఆ వాసన నాకు బర్మాలో, నది ఒడ్డున అహ్లోన్‌లో మా ఇంటి ముందు నాన్న వేసుకున్న రేకుల షెడ్డుది.

వానలు తగ్గుముఖం పట్టేసరికి నదిగాలితో బియ్యం మిల్లుల ఊక పొగ, తడిసిన గోనెల వాసన, పక్కింటి బర్మా వాళ్ళ ఎండుచేపల వేపుడు కలిసి మా కూలీల ఇళ్ళ వరసలోకి వచ్చేవి. పిల్లలమంతా గోగుపుల్లలు ఎండబెట్టి, కొసలకు పాత గుడ్డలు చుట్టి, దీపావళి నాడు ఆముదంలో ముంచి వెలిగించడానికి ఎవరి కట్ట వాళ్ళం దాచుకునేవాళ్ళం. గోంగూర బర్మా వాళ్ళూ ఇష్టంగా తింటారు కనుక పుల్లలకు కరువు లేదు. అమ్మ ఆముదపు గింజలు వేయించి, దంచి, నీళ్ళలో మరిగించి, పైకి తేలిన నూనెను తేర్చి మళ్ళీ కాచేది. తలకూ దీపానికీ మా కడుపునొప్పులకూ అదే.

నాన్న మిల్లులో మేస్త్రీ కింద బస్తాలు మోసేవాడు. సెలవు రోజుల్లో పట్నం నడుమ చౌక్తడా పేటలోని ఒక మోటారు షాపులో ఊరికే పని చేసిపెట్టి విద్య నేర్చుకున్నాడు. ఆ ఏడు బస్తా దించేసి బండ్లు బాగుచేసే షెడ్డు వేశాడు. ఊళ్ళోంచి మనుషుల్ని తెచ్చి పనిలో పెట్టే మేస్త్రీకి అది నచ్చలేదు. మొదట తన మోటారు సైకిలు ఇచ్చినవాడు కో టిన్ అనే బియ్యం దళారి. ఆయన మాట చెడితే మా షెడ్డుకు ఇంకెవరూ రారు, నాన్న మళ్ళీ మిల్లుకు పోవాలి. ఇంట్లో చిన్నదాన్నయినా ఆ సంగతి నాకు తెలుసు.

నాన్న శుభ్రం చేసి నూనె పోసి ఇచ్చిన బండిని ఒక ఉదయం కో టిన్ తోసుకుంటూ తెచ్చాడు. దారిలో ఇంజను కాలిపోయేంత వేడెక్కి ఆగిపోయిందట. వెనకే మేస్త్రీ వచ్చి గట్టుమీద కూర్చున్నాడు.

"ఏట్రా అప్పన్నా, నీ మిషను మూగదైపోనాదేటి? రేపు బస్తాల కాడికి వొచ్చీయ్."

నాన్న అతనివైపు చూడలేదు. పొగ వచ్చిందా అని కో టిన్‌ను అడిగాడు. రాలేదన్నాడు. ఆ కాలపు ఇంజన్లలో పంపు నూనెను చుక్క చుక్కగా పంపేది, అది కాలి పొగగా పోయేది. పొగ లేదంటే నూనె అందలేదన్నమాట. చుక్క కనబడే చిన్న గాజు కిటికీ ఎండి ఉంది. తొట్టిలో నూనె నిండుగా ఉంది. తొట్టి నుంచి పంపుకు వచ్చే గొట్టం విప్పితే నూనె ధారగా పడింది. పంపు దాటాక ఉన్న గొట్టం విప్పి, ఇంజను చేత్తో తిప్పితే ఏమీ రాలేదు. నాన్న పంపు విప్పాడు. లోపల చిన్న ఉక్కుగుండు తెల్లటి జిగురులో అతుక్కుపోయి ఉంది.

మేస్త్రీ వంగి చూసి తెలుగులో మెల్లగా అన్నాడు: "పంపు అరిగిపోనాదని సెప్పీయ్. కొత్తది కొనుక్కుంటాడు. ఆడికేటి తెలుస్తాది?"

అంతలో అమ్మ వచ్చి ఆ జిగురును వేలికి రాసుకుని వాసన చూసింది.

"ఇది నా ఆముదం. గింజలు ఏపిన మాడు వాసన."

ఇంజనుకు వాడే ఆముదం డబ్బాల్లో వచ్చేది. ఖాళీ అయిన డబ్బా గట్టిగా ఉందని అమ్మ తన కాచిన ఆముదం అందులో పోసుకుంది. బండికి నూనె పోసేటప్పుడు నాన్న డబ్బా చూసి అదే ఒంపేశాడు. ఆ నూనెలో ఇగరని నీరూ గింజల పిండీ ఉన్నాయి.

"నా డబ్బాలో ఎందుకు పోసినావే?"

"డబ్బా నీది, నూనె నాది. ఒంపిన సెయ్యి ఎవుడిది?"

మేస్త్రీ నవ్వాడు. నాన్న లేచి కో టిన్‌కు ఎదురుగా నిలబడ్డాడు. నాన్నకు వచ్చిన బర్మా మాట అంతంతమాత్రం; ఆ రోజు మాత్రం తడబడలేదు. పంపు మంచిదే, నేను వంటింటి నూనె పోశాను, కడిగి బిగించేదాకా కూర్చోండి అన్నాడు. కో టిన్ మొహం ఎర్రబడింది. కదలని బండిని వదిలి పోలేక కూర్చున్నాడు. పంపును కిరసనాయిలుతో కడిగారు, తొట్టి కడిగారు, షాపు నూనె పోశారు. గాజు వెనక చుక్క పడింది. వీధంతా పొగ కమ్మింది. కో టిన్ ఎక్కి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

మేస్త్రీ ఈ కథ రేవంతా చెప్పాడు. వినోదం చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు అదే అడిగేవారు.

"ఆముదం పోసినోడివి నువ్వేనా?"

"నానే. నీ బండికేటైందో సెప్పు."

ఇలా అడిగినవాళ్ళే బండ్లు ఇచ్చారు.

ఇప్పుడు అక్కడ గిడ్డంగి గోడ ఉంది. నాన్న లేడు, అమ్మ లేదు, మా వరసే లేదు. నేను చదివిన చరిత్రల్లో మావాళ్ళు ఎగుమతి లెక్కల పక్కన కూలీలుగానే కనిపిస్తారు. తెలుగు అర్థమై నోట రాని మా పిల్లలు బర్మా మాటలో అడుగుతారు, మీ నాన్న మిల్లు కూలీయేనా అని. నేను నాన్న మాటలోనే జవాబిస్తాను:

"బస్తా దించీసినోడు. మళ్ళీ ఎత్తనేదు."