పగిలిన కప్పుకి బంగారం

మా ఆయన పోయాక, ఇక్కడ అమెరికాలో, అల్ఫారెట్టాలో కౌన్సెలర్ నన్ను ఒక ఆన్‌లైన్ గ్రూప్‌లో చేర్పించింది. కంప్యూటర్‌లోనే ఒక తోట ఉంటుంది, అందులో మన బదులు బొమ్మలు కూర్చుంటాయి. జపాన్‌వాళ్లు పగిలిన గిన్నెల్ని బంగారంతో అతికినట్టు, అక్కడ మనమూ ఒకటి పగలగొట్టి మౌనంగా అతకాలి.

ఈ రోజు మధ్యాహ్నం ఆయన కాఫీ కప్పులాంటిదే చేసి, పగలగొట్టి అతుకుతున్నాను. అత్తయ్య వెనక నిలబడి చూశారు.

"పగిలింది ఇంట్లో ఉంచకూడదమ్మా. పారెయ్."

"ఇది ఇంట్లో లేదు అత్తయ్యా, కంప్యూటర్‌లో ఉంది."

ఆవిడ తన గదిలోకి వెళ్లి, పాత చీర ముక్కలో కట్టిన మూట తెచ్చి కీబోర్డ్ పక్కన విప్పారు. అందులో ఆయన అసలు కప్పు ముక్కలున్నాయి. ఆయన పోయిన కొత్తలో నా చేతిలోంచి జారి పగిలితే, ట్రాష్‌లో పడేశానని ఆవిడే చెప్పిన కప్పు.

"దీనిక్కూడా ఆ బంగారం పడుతుందేమో చూడు" అన్నారు.

తోటలో నా బొమ్మ మాత్రం ప్రశాంతంగానే కూర్చుని ఉంది.

పింగాణీకి ఏ జిగురు బాగా పడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. బంగారం సంగతి అడగడం లేదు. ఆవిడ అప్పటికే చేతి గాజు తీసి ఆ ముక్కల పక్కన పెట్టారు.